హెచ్ఎంసీ3 కణాలకు ఎల్‌పీఎస్ ఇచ్చినా టీఎన్ఎఫ్ రావడం లేదు: లోపం నా చేతిలోనా, కణాల్లోనా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. పీహెచ్‌డీ రెండో ఏడాది, న్యూరోఇన్‌ఫ్లమేషన్ మీద పని. గైడ్ గారు హెచ్ఎంసీ3 సెల్ లైన్ (మెదడులోని రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియా నుంచి తీసి, ల్యాబ్‌లో ఆగకుండా పెరిగేలా చేసిన మనిషి కణాలు) తెప్పించి ఇచ్చారు. 24 గంటలు ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పైపొర పదార్థం, ఎండోటాక్సిన్) పెట్టి, ఇన్‌ఫ్లమేషన్ సంకేతమైన టీఎన్ఎఫ్ ప్రోటీన్‌ని ఎలైజాతో కొలిస్తే ఏమీ లేదు. నైట్రిక్ ఆక్సైడ్ నుంచి వచ్చే నైట్రైట్‌ని చూపే గ్రీస్ పరీక్షలో గులాబీ రంగు జాడే లేదు. ఎల్‌పీఎస్ లాట్ మార్చారు, మోతాదు పదింతలు చేశారు, మూడుసార్లు అదే ఫలితం. కణాలు పాడయ్యాయా, మీ చేతిలో ఏదైనా లోపం ఉందా, అసలు వీటిని థీసిస్‌లో "మానవ మైక్రోగ్లియా" అని రాయవచ్చా, ఇంకో లైన్ వాడొచ్చా అని మీ సందేహం.

ముందు జవాబు: మీ చేతిలో లోపం ఉండే అవకాశం తక్కువ. హెచ్ఎంసీ3 చాలా ల్యాబుల్లో ఇలాగే ప్రవర్తిస్తుంది. థీసిస్‌లో "హెచ్ఎంసీ3 కణాలు" అనే రాయండి, "మానవ మైక్రోగ్లియా" అని మాత్రం రాయకండి. అలాగని ఫ్లాస్కులు పారేయక్కర్లేదు. ఈ కణాలు బాగా పనికొచ్చే ప్రశ్నలు చాలా ఉన్నాయి. మీరు వేసిన ప్రశ్న వాటికి సరిపడలేదు, అంతే.

నేను పదిహేనేళ్లుగా మైక్రోగ్లియా కల్చర్లతోనే పని చేస్తున్నాను. మీరిప్పుడు ఉన్న చోట నేనూ దాదాపు ఏడాది ఇరుక్కున్నాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

గ్రీస్ పరీక్ష సంగతి త్వరగా తేల్చేద్దాం. మీ ప్రోటోకాల్ ఎలుక కణాల పేపర్ల నుంచి వచ్చి ఉంటుంది. 1990లో వచ్చిన బీవీ2 అనే చిట్టెలుక మైక్రోగ్లియా లైన్ ఎల్‌పీఎస్ తగలగానే నైట్రిక్ ఆక్సైడ్ బాగా చేస్తుంది. తరవాత వచ్చిన వందలాది పేపర్లలో నైట్రైటే "యాక్టివేషన్"కి కొలమానం అయిపోయింది. మనిషి మాక్రోఫేజ్‌లు (క్రిములను, చెత్తను మింగే రోగనిరోధక కణాలు), మైక్రోగ్లియా కల్చర్‌లో ఆ పని చేసేది చాలా తక్కువ. ఇది సెల్ లైన్ లోపం కాదు, జాతి తేడా. మనిషి కణాల మీద గ్రీస్ పరీక్ష ఇంక చేయకండి, కిట్ డబ్బులు దండగ.

టీఎన్ఎఫ్ సంగతి కాస్త వేరు. ఎల్‌పీఎస్ నేరుగా వెళ్లి కణం మీద తన రిసెప్టర్ అయిన టీఎల్ఆర్4ని తట్టదు. సీరంలో ఉండే ఎల్‌పీఎస్ బైండింగ్ ప్రోటీన్ దాన్ని పట్టుకుని సీడీ14 అనే ప్రోటీన్‌కి అందిస్తుంది, సీడీ14 టీఎల్ఆర్4కి అప్పగిస్తుంది. ఈ గొలుసులో ఏ లంకె బలహీనంగా ఉన్నా సిగ్నల్ నీరసిస్తుంది. మీరు ఎల్‌పీఎస్ పెట్టే ముందు సీరం తీసేశారా? చాలామంది "స్టార్వేషన్" పేరుతో తీసేస్తారు. అలా చేసి ఉంటే మొదటి లంకె మీరే తెంపేసినట్టు. టైమ్ కూడా చూడండి. టీఎన్ఎఫ్ తొందరగా వచ్చి తొందరగా తగ్గే సైటోకైన్ (కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రోటీన్). 4, 6 గంటల దగ్గర తీయకుండా 24 గంటల దగ్గర మాత్రమే తీస్తే ఉన్నదీ దొరక్కపోవచ్చు. ఇవన్నీ సరిచేసినా మా చేతుల్లో హెచ్ఎంసీ3 నుంచి టీఎన్ఎఫ్ కొలవగలిగినంత ఎప్పుడూ రాలేదు. ఐఎల్-6 అనే ఇంకో సైటోకైన్ మాత్రం కొద్దిగా కదిలేది.

అయినా "కణాల స్వభావమే అంత" అని నేను చెప్పానని నమ్మి ఊరుకోవద్దు, మీరే తేల్చుకోవాలి. రెండు పనులు చేయండి. ఒకటి, అదే ఎల్‌పీఎస్ వయల్‌ని, అదే రోజు, పీఎంఏ అనే రసాయనంతో మాక్రోఫేజ్‌లుగా మార్చిన టీహెచ్‌పీ-1 (మనిషి మోనోసైట్ లైన్) కణాలకు పెట్టి, ఆ మీడియంని అదే ఎలైజా ప్లేట్‌లో నడపండి. అక్కడ టీఎన్ఎఫ్ దండిగా వస్తే ఎల్‌పీఎస్ మంచిదే, కిట్ మంచిదే, మీ పిపెటింగూ మంచిదే. రెండు, హెచ్ఎంసీ3కి ఎల్‌పీఎస్ బదులు ఐఎల్-1 బీటా మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు ఇచ్చి ఐఎల్-6 కొలవండి. మరో ప్లేట్‌లో ఇంటర్‌ఫెరాన్ గామా ఇచ్చి హెచ్ఎల్ఏ-డీఆర్ అనే పైపొర ప్రోటీన్‌ని ఫ్లో సైటోమెట్రీలో చూడండి. ఇవి రెండూ కదిలితే మీ కణాలు ఆరోగ్యంగానే ఉన్నాయి. ఎల్‌పీఎస్ తలుపు తట్టినప్పుడే పలకడం లేదు.

ఇవి కూడా కదలకపోతే మాత్రం మైకోప్లాస్మా (కల్చర్లను పట్టే అతిచిన్న బ్యాక్టీరియా) పరీక్ష చేయించండి. నిజానికి అది ముందే చేయించి ఉండాల్సింది. మైకోప్లాస్మా పట్టిన కల్చర్ మైక్రోస్కోపు కింద శుభ్రంగానే కనిపిస్తుంది, మీడియం కూడా మబ్బుగా ఉండదు. కానీ దాని లైపోప్రోటీన్లు టీఎల్ఆర్2 అనే ఇంకో రిసెప్టర్‌ని రోజంతా తడుతూనే ఉంటాయి కాబట్టి మీ "కంట్రోల్" బావులు (ప్లేట్‌లోని గుంటలు) కంట్రోల్ కానే కావు.

ఇక అసలు విషయం. మైక్రోగ్లియా అంటే ఏమిటో ఒకసారి గుర్తు చేసుకుంటే ఈ సెల్ లైన్‌తో పేచీ ఎక్కడో తెలుస్తుంది. 1919లో రియో ఒర్తేగా వీటికి పేరు పెట్టి వేరు చేశాడు. న్యూరాన్లు, ఆస్ట్రోసైట్లు న్యూరోఎక్టోడెర్మ్ నుంచి వస్తే, ఇవి పిండ దశలో యోక్ శాక్ నుంచి మెదడుకు వలస వచ్చి అక్కడే స్థిరపడిపోతాయి. ఈ విషయం 2010లో ఎలుకల్లో స్పష్టంగా తేలింది. బతకడానికి వీటికి సీఎస్ఎఫ్1 రిసెప్టర్ సిగ్నల్ తప్పనిసరి. మందుతో ఆ రిసెప్టర్‌ని మూసేస్తే ఎలుక మెదడులో మైక్రోగ్లియా దాదాపు తుడిచిపెట్టుకుపోతాయి. పెద్దవాళ్ల మెదడులో ఇవి చాలా నెమ్మదిగా కొత్తవి అవుతాయి. 2017లో కార్బన్-14 డేటింగ్‌తో వేసిన లెక్క ప్రకారం ఏడాదికి సుమారు 28 శాతం, సగటు వయసు నాలుగేళ్ల పైచిలుకు.

ఇప్పుడు మీ ఫ్లాస్క్ చూడండి. మామూలు ఈఎంఈఎం, 10 శాతం సీరం. అందులో మైక్రోగ్లియాని నిలబెట్టే సిగ్నళ్లయిన సీఎస్ఎఫ్1 వేయలేదు, ఐఎల్-34 వేయలేదు, టీజీఎఫ్ బీటా వేయలేదు. అయినా శుక్రవారం సగం నిండిన ఫ్లాస్క్ సోమవారం వచ్చేసరికి నిండి పొర్లుతూ ఉంటుంది. మెదడులో నాలుగేళ్లు నిదానంగా బతికే కణం, ప్రాణాధారమైన సిగ్నల్ ఏదీ లేకుండా వారాంతంలో రెట్టింపు అవుతోందంటే అది ఇంకో రకం బతుక్కి అలవాటు పడిపోయిందన్న మాట. వేరే మార్కర్లు చూడకపోయినా ఈ ఒక్కటి చాలు అనుమానం రావడానికి.

హెచ్ఎంసీ3 పుట్టుక 1995లో, ఫ్రాన్స్‌లో. పిండ దశ మైక్రోగ్లియా ప్రైమరీ కల్చర్‌లోకి ఎస్‌వీ40 వైరస్ లార్జ్ టీ యాంటిజెన్ జన్యువుని ఎక్కించి అమరం చేశారు. ఈ టీ యాంటిజెన్ పీ53ని, ఆర్‌బీ ప్రోటీన్‌ని పట్టేసుకుంటుంది. కణ విభజనకు ఉన్న రెండు బ్రేకులూ తీసేసినట్టు. అందుకే అపోప్టోసిస్, డీఎన్ఏ డ్యామేజ్, సెల్ సైకిల్, సెనెసెన్స్ మీద ప్రశ్న ఉంటే ఈ లైన్‌ని ముట్టుకోకండి. "మా మందు వల్ల మైక్రోగ్లియా చావలేదు" అని రాస్తే, రివ్యూయర్ "పీ53 కట్టేసిన కణం ఎలా చస్తుంది" అని ఒక్క లైన్‌లో తోసేస్తారు, వాళ్లను తప్పు పట్టలేం.

మరి మైక్రోగ్లియా గుర్తులు ఎంతవరకు మిగిలాయి? ఐబీఏ1 ప్రోటీన్ ఉంటుంది. ఆస్ట్రోసైట్ గుర్తు అయిన జీఎఫ్ఏపీ ఉండదు, కాబట్టి ఆస్ట్రోసైట్ కాదని చెప్పొచ్చు. ఐబీఏ1 మాక్రోఫేజ్‌ల్లోనూ ఉంటుంది, దాన్ని చూపించి "మైక్రోగ్లియా" అనేస్తే కుదరదు. పీ2ఆర్‌వై12, టీఎంఈఎం119, ఎస్ఏఎల్ఎల్1 లాంటివి అసలైన సంతకాలు. హెచ్ఎంసీ3లో ఇవి దొరకడం కష్టం. మా దగ్గర క్యూపీసీఆర్‌లో (జన్యువు ఎంత పని చేస్తోందో కొలిచే పరీక్ష) పీ2ఆర్‌వై12కి సీటీ విలువ 35 దాటేది, ఈ అంకె ఎంత పెద్దదైతే జన్యువు పని అంత తక్కువ. ఆ అంకె పట్టుకుని "ఎక్స్‌ప్రెస్ అవుతోంది" అని స్లైడ్ వేసేవాళ్లను చూశాను, మీరు వేయకండి.

హెచ్ఎంసీ3కి న్యాయంగా ఒక మాట చెప్పాలి. సర్జరీ గదిలోంచి తెచ్చిన నిజమైన మానవ మైక్రోగ్లియా కూడా ప్లాస్టిక్ మీద పెట్టగానే గంటల్లోనే తన గుర్తింపు జన్యువులను తగ్గించేస్తుంది. 2017లో దీన్ని వివరంగా చూపించారు. మెదడులోని చుట్టుపక్కల సిగ్నళ్లే ఆ గుర్తింపుని నిలబెడతాయి, సీరం దాన్ని చెడగొడుతుంది. కాబట్టి "ప్రైమరీ అయితే పవిత్రం" అనుకోవద్దు.

గుర్తింపు పరీక్ష గురించి నా సొంత తలనొప్పి చెప్తాను. మొదట్లో నేను పని చేసిన ల్యాబ్‌లో ఒక స్నేహితుడి దగ్గరి నుంచి చేబదులుగా తెచ్చుకున్న వయల్ ఉండేది. మూత మీద మార్కర్‌తో "సీహెచ్ఎంఈ-5" (మానవ మైక్రోగ్లియా లైన్‌గా చెలామణి అయిన పేరు), పక్కన తేదీ సగం చెరిగిపోయి ఉంది. కణాలు చక్కగా పెరిగాయి. కానీ మానవ ప్రైమర్లతో క్యూపీసీఆర్ చేస్తే కొన్ని జన్యువులకు సీటీ 33, 34, కొన్నింటికి అసలేమీ లేదు. యాక్టిన్ మాత్రం బ్రహ్మాండంగా వచ్చేది. నేను ప్రైమర్లను తిట్టుకున్నాను. కొత్తవి డిజైన్ చేశాను, ఎనీలింగ్ ఉష్ణోగ్రత మార్చాను, ఆర్ఎన్ఏ కిట్ మార్చాను. ఒక యాంటీబాడీ పని చేసేది, ఇంకోటి చేసేది కాదు. ఎనిమిది నెలలు పోయాయి.

2017లో ఒక బృందం సీహెచ్ఎంఈ-5 పేరుతో తిరుగుతున్న కణాలు మనిషివి కావు, పెద్ద ఎలుకవి అని ప్రచురించింది. ఆ పేపర్ చదివిన సాయంత్రమే జాతుల ప్రైమర్లతో పీసీఆర్ పెట్టాను. జెల్ మీద మనిషి వరుస ఖాళీ. ఎలుక వరుసలో ఒక లావుపాటి బ్యాండ్. యాక్టిన్ జన్యువు రెండు జాతుల్లో దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ ఒక్క ప్రైమర్ నన్ను నెలల తరబడి మోసం చేసింది. హౌస్‌కీపింగ్ జీన్ (యాక్టిన్‌లా దాదాపు ప్రతి కణంలో పని చేసే జన్యువు) వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండటం అప్పటితో మానేశాను.

సెల్ బ్యాంక్ నుంచి వచ్చే హెచ్ఎంసీ3, అంటే సీఆర్ఎల్-3304, మనిషిదే, దాని ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (డీఎన్ఏ వేలిముద్ర) అందుబాటులో ఉంది. చిక్కల్లా పేర్ల గందరగోళంతోనే. ఇదే కుటుంబం కణాలు సీహెచ్ఎంఈ-3, సీహెచ్ఎంఈ-5, హెచ్ఎంసీ3 అంటూ రకరకాల పేర్లతో ల్యాబుల మధ్య చేతులు మారాయి. మీ గైడ్ గారు నేరుగా బ్యాంక్ నుంచి తెప్పించారా, ఎవరి దగ్గరైనా తీసుకున్నారా అని అడగండి. ఎవరి దగ్గరో తీసుకున్నదైతే ఎస్‌టీఆర్ చేయించే వరకు ఇంకో ప్రయోగం మొదలుపెట్టకండి. ఎల్‌పీఎస్‌కి పలకకపోవడం కంటే ఇది పెద్ద సంగతి.

మరి ఇవి దేనికి పనికొస్తాయి? నేను విద్యార్థులను అడిగే ప్రశ్న ఒకటే: ఈ ప్రశ్నకు జవాబు రావడానికి కణం మైక్రోగ్లియానే అయి ఉండాలా, లేక మనిషి కణం అయితే చాలా? ఒక ప్రోటీన్ లైసోసోమ్‌కి చేరుతుందా, ఒక గైడ్ ఆర్ఎన్ఏ బాగా కోస్తుందా, మీరు మార్చిన జన్యువు ఇన్‌ఫ్లమేషన్ మార్గంలో ఐఎల్-1 బీటాకి కిందా పైనా ఉందా, వంద మందుల్లో ఏవి కణాలకు విషం? వీటికి హెచ్ఎంసీ3 హాయిగా సరిపోతుంది. ట్రాన్స్‌ఫెక్షన్ ఒప్పుకుంటుంది, లెంటీవైరస్ ఒప్పుకుంటుంది, కోట్ల కణాలు వారంలో వస్తాయి. ప్రైమరీ మైక్రోగ్లియాలోకి ఒక ప్లాస్మిడ్ ఎక్కించడానికి పడే పాట్లు పడినవాళ్లకే తెలుసు.

అదే ట్రెమ్2 (మైక్రోగ్లియా పైపొర మీది రిసెప్టర్) మీద ప్రశ్న అయితే వేరే సంగతి. 2013లో ట్రెమ్2 ఆర్47హెచ్ మార్పు అల్జీమర్స్ ముప్పుని సుమారు మూడింతలు చేస్తుందని బయటపడ్డాక ఎంతోమంది హెచ్ఎంసీ3లో ట్రెమ్2ని బలవంతంగా ఎక్స్‌ప్రెస్ చేయించి కథలు అల్లారు. బయటి నుంచి పెట్టిన రిసెప్టర్ లైగాండ్‌ని పట్టుకుంటుందా అని చూడటం వరకు బాగానే ఉంటుంది. దాన్ని దాటి "మైక్రోగ్లియా అల్జీమర్స్ మెదడులోని అమైలాయిడ్ ప్లాక్‌ల చుట్టూ ఎందుకు చేరలేదు" అన్న దానికి ఈ కణం సాక్ష్యం చెల్లదు.

ఫాగోసైటోసిస్ (కణం బయటి రేణువులను మింగడం) గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మీ తరవాతి ప్రయోగం అదే అవుతుందని నా ఊహ. టీఎన్ఎఫ్ రానివాళ్లందరూ అటే వెళ్తారు. మా దగ్గర ఒక జూనియర్ మెరిసే బీడ్స్ వేసి, ఒక మందు ఇస్తే "మింగడం" రెట్టింపు అయిందని ఫ్లో డేటా తెచ్చింది. గ్రాఫ్ చూడముచ్చటగా ఉంది. 4 డిగ్రీల దగ్గర అదే ప్రయోగం చేయమన్నాను. ఆ చలిలో కణం ఏదీ మింగలేదు. వెలుగు ముప్పావు వంతు అలాగే ఉంది. కాన్‌ఫోకల్ కింద పెట్టి పొర పొరగా కిందికి దిగితే బీడ్స్ చాలా వరకు కణం అంచున, పైపొర మీద అతుక్కుని ఉన్నాయి, లోపల ఉన్నవి ఏ రెండో మూడో. మందు చేసిన పని అతుకుడు పెంచడమే. అప్పటి నుంచి మా ల్యాబ్‌లో 4 డిగ్రీల ప్లేట్, మింగడాన్ని ఆపే సైటోకలాసిన్ డీ బావి లేకుండా ఫాగోసైటోసిస్ గ్రాఫ్ ఎవరూ చూపించరు. దీనికి తోడు ఒక ఫైబ్రోబ్లాస్ట్ లైన్ కూడా పక్కన పెట్టండి. ఫైబ్రోబ్లాస్ట్ కూడా బీడ్స్ మింగుతుంది. మీ హెచ్ఎంసీ3 దానికంటే ఎంత ఎక్కువ మింగుతోంది అన్నదే చూడాల్సిన తేడా.

బీడ్స్ బదులు ఈ.కోలైలో తయారైన అమైలాయిడ్ లేదా ఆల్ఫా సిన్యూక్లిన్ వాడితే అందులో ఎండోటాక్సిన్ ఉండొచ్చు. ప్రోటీన్‌ని మరగబెట్టి ఒక బావికి పెట్టండి. ప్రోటీన్ చెడిపోతుంది, ఎల్‌పీఎస్ వేడికి లొంగదు. మరగబెట్టినా స్పందన అలాగే ఉంటే మీరు చూస్తున్నది ఎండోటాక్సిన్ ప్రభావం అయ్యుండొచ్చు.

ఇంకో లైన్ వాడొచ్చా అని కూడా అడిగారు. సీ20 ఉంది, ఎస్‌వీ40 టీ యాంటిజెన్‌తో పాటు టెలోమరేజ్ కూడా పెట్టి పెద్దవాళ్ల మైక్రోగ్లియా నుంచి చేసింది. సీహెచ్ఎంఈ-5 గుట్టు రట్టు చేసిన బృందమే దాన్ని హెచ్ఐవీ పని కోసం తయారు చేసింది. మెదడులో హెచ్ఐవీ దాక్కునే ముఖ్యమైన చోటు మైక్రోగ్లియానే కాబట్టి ఆ రంగంలో దానికి మంచి స్థానం ఉంది. అది కూడా బ్రేకులు తీసిన కణమే అని మరచిపోవద్దు. బీవీ2 ఎల్‌పీఎస్‌కి బాగా పలుకుతుంది, కానీ అది చిట్టెలుకది. పైగా వీ-రాఫ్, వీ-మిక్ ఆంకోజీన్లతో అమరం చేసినది.

నిజంగా మైక్రోగ్లియా స్వభావం కావాలంటే ఐపీఎస్ కణాల (ఏ కణంగానైనా మార్చగల మూలకణాలు) నుంచి తయారు చేసినవే దారి. 2016, 2017ల్లో వచ్చిన ప్రోటోకాల్స్ ఇప్పుడు బాగా స్థిరపడ్డాయి. ఐదారు వారాలు పడుతుంది, సైటోకైన్ల ఖర్చు గుండె గుభేలుమనిపిస్తుంది, ఒక్క బ్యాచ్ పోతే నెల పోయినట్టే. మీ ల్యాబ్‌కి అంత వెసులుబాటు లేకపోతే దాత రక్తంలోని మోనోసైట్లను ఐఎల్-34, జీఎం-సీఎస్ఎఫ్‌తో సుమారు రెండు వారాలు పెంచితే మైక్రోగ్లియా లాంటి కణాలు వస్తాయి. యోక్ శాక్ పుట్టుక వాటికి లేదు, నిజమే. కానీ ఎల్‌పీఎస్‌కి టీఎన్ఎఫ్ ఇస్తాయి, పీ53 చెక్కుచెదరకుండా ఉంటుంది, ముగ్గురు దాతలు దొరికితే మీకు నిజమైన ఎన్=3 (మూడు స్వతంత్ర నమూనాలు) వస్తుంది.

ఆ ఎన్ గురించి ఒక్క మాట. హెచ్ఎంసీ3లో ఒకే ఫ్లాస్క్ నుంచి నింపిన మూడు బావులు ఎన్=3 కాదు, అది ఎన్=1. వేరు వేరు పాసేజ్‌ల (కణాలను కొత్త ఫ్లాస్క్‌కి మార్చిన విడతల) నుంచి వేరు వేరు రోజుల్లో చేసినవే లెక్కలోకి వస్తాయి. అలా ఎన్ని చేసినా దాత మాత్రం ఒక్కరే, "మానవుల్లో" అని సాధారణీకరించే ముందు అది మనసులో పెట్టుకోండి.

మీ స్థానంలో నేనుంటే హెచ్ఎంసీ3లో మార్గం కనిపెట్టి, నాకౌట్లు చేసి, చివరి రెండు ముఖ్యమైన ఫలితాలను మాత్రమే మోనోసైట్ కణాల్లో సరిచూస్తాను. మెథడ్స్‌లో కణాలు ఎక్కడి నుంచి వచ్చాయి, ఏ పాసేజ్ నుంచి ఏ పాసేజ్ వరకు వాడాను, ఎస్‌టీఆర్ ఎప్పుడు, మైకోప్లాస్మా ఎప్పుడు చేశాను అన్నవి రాస్తాను. ఎల్‌పీఎస్‌కి టీఎన్ఎఫ్ రాలేదన్న ఫలితాన్ని దాచను. టీహెచ్‌పీ-1 కంట్రోల్‌తో కలిపి సప్లిమెంటరీ ఫిగర్‌గా పెడతాను. మీలాగే మూడు లాట్ల ఎల్‌పీఎస్ మార్చుకుంటూ కూర్చున్నవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

పాసేజ్ నంబర్ ఎంతో, ఎల్‌పీఎస్ పెట్టినప్పుడు సీరం ఎంత శాతం ఉందో చెప్పండి. టీహెచ్‌పీ-1 ప్లేట్ ఫలితం వచ్చాక కూడా ఇక్కడే రాయండి, దాన్ని బట్టి ఐఎల్-1 బీటా టైమ్ కోర్స్ ఎలా వేసుకోవాలో చెప్తాను.